శిలాఫలకం వెనక పొయ్యి

నలభై ఏళ్ళుగా తాపీ పట్టిన ఈ చేతులతో నేను కట్టిన పొయ్యి ఒక్కటంటే ఒక్కటి పొగ కక్కలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమైతే ఇంకా ఎక్కువే చెప్పేవాణ్ణి. మూడు మండలాల్లో పెళ్ళిళ్ళ గాడిపొయ్యిలు, హోటలు పొయ్యిలు, బెల్లం వండే పొయ్యిలు కట్టాను. నా పొయ్యిలో మంట వేస్తే పొగ ముందు నా మొహంకేసి చూసి, "ఎటు పొమ్మంటావు మాలకొండయ్యా?" అని అడిగి, నేను గొట్టంకేసి వేలు చూపిస్తే అటు పోయేది. ఒకసారి బెల్లం పొయ్యి పొగ ఎంత నిటారుగా లేచిందంటే, పైన ఎగిరే కొంగ దాన్ని స్తంభం అనుకుని వాలబోయి కిందపడింది. నేను చదివింది ఐదో తరగతి. అదీ బడి కప్పు కారేది కాబట్టి వానాకాలం పాఠాలు లేవు. అబద్ధాలు అల్లేంత చదువు నాకెక్కడిది?

మా గుండ్లమోపులో సర్కారువారి అతిథి గృహం ఒకటుంది. తనిఖీలకొచ్చే అధికారులు అందులో దిగుతారు. వాళ్ళకు వండిపెట్టే మనిషి ఖాసింబీ. పద్దెనిమిదేళ్ళ నుంచి పెరట్లో రేకుల షెడ్డు కింద, కట్టెల పొయ్యి ముందు ఆవిడే. మొగుడు మస్తాను దూది ఏకేవాడు. నడుం పట్టేసి పని మానుకున్నాక, ఆ ఇల్లు నడిచేది ఈ పొయ్యి మీదే.

ఆ ఏడు మాకొచ్చిన పెద్దసారు విశ్వంభర్ గారు. పదిహేను రోజుల శిక్షణకని విదేశం వెళ్ళొచ్చారు. ఏం శిక్షణో నాకు తెలీదు. అక్కడి జనం మాత్రం పెరట్లో బండలు పరిచి, మధ్యలో ఇటుకతో నడుమెత్తు పొయ్యి కట్టి, చుట్టూ రాతి అరుగు వేసి, దాని చుట్టూ నిలబడి మాంసం కాల్చుకు తింటారని, దాన్ని బార్బెక్యూ ఐలాండ్ అంటారని నేర్చుకొచ్చారు. రాగానే, జిల్లాలో ప్రతి అతిథి గృహానికీ అదొకటి ఉండి తీరాలని ఉత్తర్వు. మన పెరట్లో మనం నాలుగిటుకలు పెట్టి మాంసం కాల్చుకుంటే పేదరికం. దానికి నకలు తీసి, నీలి కాగితం మీద గీసి, మూడు సంతకాలు పెడితే అభివృద్ధి.

ఆ నీలి కాగితం చంకలో పెట్టుకుని ఏఈ పురందర్ గారు వచ్చారు. కుర్రాడు మంచివాడే. కాకపోతే నిబంధన గుర్తొచ్చినప్పుడు మనిషి మొహం మారిపోతుంది.

"మేస్త్రీ, ముందు ఈ షెడ్డు తీసెయ్యాలి."

ఖాసింబీ చేతిలో గరిటె అట్టాగే ఉంది. "ఇదేంది మేస్త్రన్నా? నా పొయ్యి పడగొట్టి నాకే పొయ్యి కడతారంట?"

"అభివృద్ధి అంటే అంతేనమ్మా. ఉన్నది తీస్తేగాని లేనిది రాదు."

"మరి అది వచ్చేదాకా నేనేడ వండాల?"

దానికి జవాబు పురందర్ గారు చెప్పారు. అప్పుడే ఆ మొహం మారింది. "చూడు ఖాసింబీ, వంటమనిషి పోస్టు పొయ్యికి అనుబంధం. పొయ్యి లేని గృహంలో వంటమనిషి మిగులు సిబ్బంది కిందికి వస్తారు. ఆగస్టు ఒకటిన తనిఖీ ఉంది. ఆలోగా పొయ్యి పనిచేస్తూ కనబడితే నీ పోస్టు ఉంటుంది."

"కనబడకపోతే?"

"పోస్టు ఉండదు. నువ్వు ఉండొచ్చు. దానికి మాకేం అభ్యంతరం లేదు."

ఖాసింబీ నాకేసి చూసింది. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, బిరీన కట్టు."

తొమ్మిది రోజుల్లో కట్టాను. జూన్ మొదటి వారానికి పూర్తి. లోపల మంటకు ఆగే ఇటుక, బయట ఎర్రిటుక, ఇటుకల మధ్య దర్జు తీస్తే గీత గీసినట్టుండాలి. పైన ఇనప చువ్వల జల్లెడ. అరుగుకు నల్లరాయి. చువ్వల వెనక గోడ లేపి, అందులో పొగ పీల్చే నోరు పెట్టి, దాని మీద గొట్టం నిలబెట్టాను. ఆ తొమ్మిది రోజులూ ఖాసింబీ మూడు ఇటుకల మీద, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె పట్టుకుని వండింది. పదో రోజు పొద్దున్నే అగ్గిపెట్టె తెచ్చింది.

"ఆగు! ఆగు!" పురందర్ గారు గేటు దగ్గర్నుంచే పరుగు. "ఇంకా ప్రారంభం కాలేదు."

"పుల్ల గీస్తే ప్రారంభమేగా సారూ?"

"అది మంట. ప్రారంభం వేరు. ప్రారంభానికి శిలాఫలకం ఉండాలి. ఫలకానికి జిల్లా కార్యాలయం నుంచి కామేశం గారు రావాలి."

కామేశం గారు ప్రోటోకాల్ సూపరింటెండెంట్. ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలి, ఎవరి మెడలో ముందు దండ పడాలి, ఎవరి పేరు ఎవరి పేరు మీద ఉండాలి, ఇవన్నీ ఆయన చూసే శాఖ. గుడ్డసంచిలో చెక్క స్కేలు పెట్టుకుని తిరుగుతారు. ఇంట్లో ఇడ్లీలు కూడా సీనియారిటీ ప్రకారం తింటారని చెప్పుకుంటారు. ముందు వాయి ముందు, వెనక వాయి వెనక.

ఆయన పొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగారు. లోపలికి ఒక్కసారీ తొంగిచూడలేదు.

"నేలమట్టమునకు పైన నిలుచు ప్రతి సర్కారు కట్టడమునకూ శిలాఫలకము అనివార్యము. అది తూర్పు ముఖముగా, నిలుచున్న మనిషి కంటి ఎత్తున ఉండవలెను."

"అయ్యా, పొయ్యి నడుమెత్తేగా ఉంది."

"కావున గోడ లేపవలెను."

"గోడ ఉంది సార్. దాంట్లో పొగ పోయే నోరుంది."

"అదియే కంటి ఎత్తు. ఫలకము అచ్చటనే."

"పొగ ఎటు పోద్ది సార్?"

కామేశం గారు జాలిగా చూశారు. "మేస్త్రీ, పొగకు వేరే మార్గము చూపుము. పేర్లకు వేరే స్థలము లేదు."

తర్వాత పేర్ల పట్టీ తీశారు. పదకొండు పేర్లు. ఒక్కొక్క పేరు ముందు శ్రీ, వెనక గారు, కింద హోదా. అక్షరం ఎత్తు హోదాను బట్టి. మొదటి పేరు విశ్వంభర్ గారిది, నాలుగు వేళ్ళ వెడల్పు. చివరి పేరు పురందర్ గారిది, చిటికెన వేలి గోరంత. ఆ గోరు చూసుకుని ఆ కుర్రాడు వారం రోజులు మురిసిపోయాడు.

నాకు నోరూరుకోదు. "సార్, వండే మనిషి పేరు కూడా వెయ్యకూడదా? గోరులో సగం చాలు."

"ఆమె లబ్ధిదారు. లబ్ధిదారులు ఫోటోలో ఉందురు, ఫలకములో ఉండరు."

చీమకుర్తి నుంచి మూడంగుళాల మందం నల్లరాయి తెప్పించి, నునుపు పట్టి, అక్షరాలు చెక్కి, బంగారు రంగు నింపి తెచ్చేసరికి విశ్వంభర్ గారికి బదిలీ అయింది. కొత్త పెద్దసారు వచ్చారు. మొదటి పేరు మారింది కాబట్టి రాయి మారాలి.

రెండో రాయి వచ్చింది. దాని మీద ప్రారంభోత్సవం తేదీ ఉంది. ఆ తేదీన పెద్దసారుకు పడిశం పట్టింది. తేదీ మారింది కాబట్టి రాయి మారాలి.

మూడో రాయిలో ఐదో పేరువారు, ఆరో పేరువారు అక్షరాలు కొలుచుకున్నారు. ఆరు ఐదుకంటే నూలుపోగంత లావు. ఐదోవారు మూడు రోజులు ఆఫీసుకు రాలేదు. ఆ మూడు రోజులూ జిల్లాలో పనులు ఎప్పటికంటే చురుగ్గా సాగాయని అంటారు గాని, నేను చూడలేదు. నాలుగో రాయిలో అలిగినవారందరినీ ఒకే వరసలో పెట్టారు. వరస పొడవయి రాయి పొయ్యికంటే వెడల్పైంది. రాయి తగ్గదు కాబట్టి పొయ్యిని పెంచమన్నారు. రెండు పక్కలా రెండేసి అడుగుల గోడ పెంచాను. తీరా నిలబెడదామనుకునే వేళకు తొమ్మిదోవారు రిటైరయ్యారు.

ఈలోగా జూలై సగం గడిచింది. వాన మొదలైంది. ఖాసింబీ మూడు ఇటుకలూ తడిసి మెత్తబడ్డాయి.

"అన్నా, పొయ్యి ఇంత పెద్దది అవుతావుంది. మంట పెట్టడానికి చోటేమన్నా మిగిలిద్దా?"

"మిగిలిద్దిలేమ్మా. పేర్ల మధ్య ఖాళీ ఉంటదిగా."

వాడుక తప్పిన రాళ్ళ సంగతి కూడా చెప్పాలి. వాటిని పగలగొట్టడానికి లేదు. అది పెద్దల పేర్లకు అవమానం. నేలమీద పెట్టడానికి లేదు, ఎవరి కాలైనా తగులుతుంది. ఎండకూ వానకూ వదలడానికి లేదు. అందుకని కామేశం గారు వెనక వరండాలో ఖాసింబీ నులకమంచం ఖాళీ చేయించి, నాలుగు రాళ్ళనూ దానిమీద పడుకోబెట్టారు. మధ్యాహ్నం పూట నడుం వాల్చే ఆవిడ గుమ్మంలో కూర్చుని వాటిని చూసేది.

"పెద్దోళ్ళు నలుగురూ నిద్రపోతున్నారన్నా," అనేది. "లేపమాక."

ఐదో రాయి జూలై ముప్పై పొద్దున దిగింది. అదే రోజు ప్రారంభోత్సవం. పొగ నోటికి అడ్డంగా, నేను చూస్తుండగా, నా చేతులతోనే నిలబెట్టించారు. ముందు పరదా కట్టారు. షామియానా, కుర్చీలు, హోదా ప్రకారం మెత్తలు. చువ్వల జల్లెడ మీద ఇత్తడి దీపస్తంభం పెట్టారు. పెద్దసారు కొవ్వొత్తితో ఐదు వత్తులూ వెలిగించారు. చప్పట్లు. కట్టిన పొయ్యి మీద దీపం పెట్టి, దాన్ని వెలిగించి, పొయ్యి ప్రారంభమైందని ప్రకటించడం నేను చూడటం అదే మొదటిసారి.

"నేటితో మన జిల్లా కాల్చుకు తినే దశకు చేరుకున్నది!" అన్నారు పెద్దసారు. అందరికీ హోటల్ నుంచి తెచ్చిన బిర్యానీ పొట్లాలు పంచారు.

అంతా అయ్యాక, ఫోటోలు తీసేవాడొకడు, "సార్, ఒక్క మంట వేస్తే ఫోటో బాగుంటుంది," అన్నాడు. పెద్దసారు సరేనన్నారు. దీపస్తంభం దింపారు. ఖాసింబీ పరుగున వచ్చి బొగ్గులు పోసి, పుల్ల గీసింది. యాభై రోజులు ఎదురుచూసిన పుల్ల.

నేను కట్టిన పొయ్యి ఒక్కటీ పొగ కక్కలేదన్నానా? కక్కింది. అట్టా ఇట్టా కాదు. నోరు మూసిన పొగ ఎటు పోతుంది? ముందుకొచ్చింది. ముందు వరస కుర్చీలు మాయమయ్యాయి, తర్వాత రెండో వరస, అదీ హోదా ప్రకారమే. పెద్దసారు దగ్గుతూ, గోడ అనుకుని కామేశం గారిని ఆనుకున్నారు. ఆ మాటకొస్తే మా ఇంట్లో నేను కట్టిన పొయ్యి కూడా కక్కుతుంది. మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా వాకిట్లో వండుతోంది. ఆవిడ చెప్పేలోగా నేనే చెప్పేస్తే మర్యాద.

పొగ విడిపోయాక చూస్తే ఫలకం మీద బంగారు అక్షరాలు నల్లబడి ఉన్నాయి. కామేశం గారు కళ్ళు తుడుచుకోకుండానే కాగితం తీశారు.

"గౌరవనీయుల నామధేయములు మసిబారు ప్రమాదము కలదు. కావున, ప్రారంభింపబడిన ఈ పొయ్యిని ఇకమీదట వెలిగించరాదు."

"మరి ఎల్లుండి తనిఖీ?" అంది ఖాసింబీ. "పొయ్యి పనిచేస్తా కనబడాలన్నారుగా?"

"పొయ్యి కలదు. పనిచేయదు. నిబంధన స్పష్టము."

"నా పోస్టు?"

పురందర్ గారు తన గోరంత పేరు మీది మసి తుడవడం మొదలుపెట్టాడు.

ఖాసింబీ ఏడవలేదు. వెనక వరండాలోకి పోయి, మంచం మీద ఆ నలుగురి పక్కన మిగిలిన జానెడు చోటులో కూర్చుంది. "మా ఇంట్లో ఏం చెప్పాలన్నా? పొయ్యి ఎక్కువై పని పోయిందని చెప్పనా?"

"లెమ్ము! లెమ్ము!" కామేశం గారు వెనకే వచ్చారు. "ఫలకములకు నీ చీరకొంగు తగులుచున్నది!"

అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. నా బుద్ధి ఎప్పుడూ కోపం వచ్చాకే పుడుతుంది.

"అయ్యా, ఇంతటివాళ్ళను నులకమంచం మీద పడుకోబెట్టడం ఏం మర్యాద? మంచం ఇప్పటికే కిర్రుమంటోంది. విరిగి నలుగురూ కిందపడితే ఎవరిది పూచీ?"

కామేశం గారి మొహంలో రంగు పోయింది. "ఏమి చేయదగును?"

"ఇటుకతో ఒక పీఠం కడతాను. నేలకు తగలకుండా, నడుమెత్తులో. పైన రేకులు వేస్తాను. ఎండా వానా పడవు."

"ఫలక సంరక్షణ పీఠము!" ఆయన ఆ మాటను నోట్లో బెల్లంముక్కలా తిప్పారు. అంతలోనే ఉలిక్కిపడ్డారు. "నేలమట్టమునకు పైన నిలుచు కట్టడము గదా. దానికిని ఒక ఫలకము..."

"దానిమీద పెట్టేవే ఫలకాలు కదయ్యా. ఫలకానికి ఫలకం ఎక్కడైనా ఉందా?"

కామేశం గారు చెక్క స్కేలుతో గడ్డం గీరుకున్నారు. "లేదు," అన్నారు చివరికి, కాస్త దిగులుగా. పురందర్ గారు అక్కడికక్కడే ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు. ఈసారి ఆయన మొహం మారలేదు. నాకేసి చూడకుండా, "మేస్త్రీ, గాలి బాగా ఆడేట్టు కట్టు," అన్నాడు.

ముప్పైఒకటో తేదీ తెల్లారగానే మొదలుపెట్టాను. పాత షెడ్డు ఉన్నచోటే, పాత రేకులే. సిమెంటు ముట్టుకోలేదు, ఒట్టి బంకమట్టి అడుసు. మూడు పక్కలా గోడ, నాలుగో పక్క ఖాళీ. వెనక ఒక గొట్టం.

"ఈ రంధ్రమేల?" అని అడిగారు కామేశం గారు.

"గాలి ఆడకపోతే రాయికి చెమ్మ పడుతుందండి."

"ఆ గొట్టము?"

"లోపలికొచ్చిన గాలి బయటికి పోవద్దా?"

ఆయన తృప్తిగా తలూపి జిల్లాకు బయల్దేరారు. పొద్దుగూకేలోగా మూడు రాళ్ళు చుట్టూ అరుగులయ్యాయి. మొదటి రాయిని, విశ్వంభర్ గారి పేరు నాలుగు వేళ్ళ వెడల్పున ఉన్న రాయిని, మధ్యలో గోడల మీద వెల్లకిలా పరిచాను. ఖాసింబీ దాన్ని అరచేత్తో నిమిరింది.

"మా తాత హైదరాబాదులో ఇట్టాంటి రాతి మీదే మాంసం కాల్చేవాడన్నా. సన్నమంట మీద రాయి కాగాల. తొందరపడితే పగిలిద్ది."

"నీ మంట, నీ రాయి. నన్నడగమాక."

ఆగస్టు ఒకటిన తనిఖీకి దిగిన అధికారి ఎవరనుకున్నారు? విశ్వంభర్ గారే. బదిలీ మీద పోయిన శాఖ ఇలాంటి పోస్టులు తీసేసే శాఖ. వస్తూనే పెరట్లోకి నడిచారు. వెనకే కామేశం గారు, పురందర్ గారు.

పొద్దుటినుంచీ సన్నమంట. రాయి కాగింది. వెల్లుల్లి, పచ్చిమిరప, మిరియం పట్టించి నానబెట్టిన మేకమాంసం ముక్కలు ఖాసింబీ దానిమీద పరిచింది. ఆ చప్పుడుకే విశ్వంభర్ గారు ఆగిపోయారు. పళ్ళెం అందుకుని, ఒక ముక్క నోటి దాకా తెచ్చి, ఆపారు. ముక్కమీద అక్షరాలు! తిరగబడి ఉన్నా, సొంత పేరు ఎవరు గుర్తుపట్టరు? 'శ్రీ' ఒక ముక్క మీద, పేరు ఒక ముక్క మీద, 'గారు' ఒక ముక్క మీద, హోదా మూడు ముక్కల మీద. కామేశం గారు అలవాటు చొప్పున ముక్కలను వరసపెట్టడం మొదలుపెట్టారు. రెండో పేరువారి ముక్క మొదటి పేరువారి పళ్ళెంలో పడకుండా స్కేలు అడ్డం పెట్టారు. పురందర్ గారికి గోరంత ముక్క దక్కింది. విశ్వంభర్ గారు కళ్ళు చెమర్చి, "ఈ ఊళ్ళో నా పేరు ఇంకా చల్లారలేదు," అని, తన హోదా మొత్తం తినేసి, వేళ్ళు నాక్కుని, కాగితం మీద రాశారు: 'పొయ్యి పనిచేయుచున్నది. వంటమనిషి పోస్టు అవసరము.'

ఖాసింబీ పోస్టు నిలబడింది. కాగితం నేను చూశాను. సంతకం కింద మసాలా మరక కూడా ఉంది.

ఇక ఉన్నమాట చెప్పేస్తాను. పొగ స్తంభం మీద వాలబోయిన కొంగను మీరెలాగూ నమ్మలేదు. అది లెక్కలోకి రాదు. ఐదు రాళ్ళు, పెంచిన గోడ, చువ్వల మీద దీపం, మంచం మీద పడుకున్న పేర్లు, అన్నీ జరిగినవే. వాటిని అల్లడం నా వల్ల కాదు. నేను కల్పించింది ఒక్కటే. ముక్కల మీద అక్షరాలు పడలేదు.

అక్షరాలు రాతిమీదే ఉన్నాయి, పైకే ఉన్నాయి, నాలుగు వేళ్ళ వెడల్పున. విశ్వంభర్ గారు ఆ రాయికి జానెడు దూరంలో గంటసేపు నిలబడి తిన్నారు. మూడుసార్లు ముక్కలు తనే తిప్పుకున్నారు. ఉప్పు సరిపోయిందన్నారు. వంగి చదవలేదు. ఆయన తర్వాత ఆ అరుగుల మీద పళ్ళేలు పెట్టుకుని తిన్న సారులెవరూ చదవలేదు, అందులో ఐదోవారూ ఆరోవారూ కూడా ఉన్నారు. అవతల పెద్ద పొయ్యి మీద ఐదో ఫలకం మసితో నిలబడే ఉంది. దాన్నీ ఎవరూ చదవరు.

ఆ పేర్లను రోజూ పట్టించుకునే మనిషి ఒక్క ఖాసింబీయే. ఆవిడకు చదువు రాదు. వంట అయ్యాక రాయి చల్లారనిచ్చి, అక్షరాల గాడుల్లో ఇరుక్కున్నదంతా ఈనెపుల్లతో ఓపిగ్గా తీస్తుంది. విశ్వంభర్ గారి పేరు మధ్యలో ఒక సున్న ఉందట, మసాలా అంతా అందులోనే చేరుతుందట.